సాక్ష్యంలో ఊరి పలుకు

"ఈ కొద్ది మాటలు ప్రభువు దీవించును గాక!" డల్లాస్‌లో కూడినా దోర్నకల్‌లో కూడినా, తెలుగు సంఘంలో సాక్ష్యం చెప్పినవాళ్లు చాలామంది ఈ మాట అనే కూర్చుంటారు. ఎంతసేపు మాట్లాడినా అవి 'కొద్ది మాటలే'. ఆ వినయం మన పెద్దలది.

చివరన వచ్చే 'గాక' గ్రాంథికం. అంతకుముందు చెప్పిందంతా ఎవరి ఊరి తెలుగు వాళ్లది. మెదక్ వైపు అమ్మ "దేవుడు నా బిడ్డను సల్లంగ సూసిండయ్యా" అంటుంది. గుంటూరు వైపు ఆవిడ "చల్లగా చూశాడండీ" అంటుంది. జ్వరం, అప్పు, ఆస్పత్రి, పిల్లాడి పరీక్ష అంతా ఇంటి భాషలో సాగుతుంది. మొక్కు తీరిన చోటికి వచ్చేసరికి గొంతు మారి "ఆయన కృపను బట్టి" అంటుంది. చదువు రాని అమ్మ కూడా ఎక్కడా తడబడకుండా ఒక తెలుగులోంచి ఇంకో తెలుగులోకి దాటుతుంది. వేదిక మీది ప్రసంగాలకు రాని అందం అది.

ఈ వాడుకల వెనక మిషన్ల చరిత్ర ఉంది. లండన్ మిషన్ వారు క్రాన్, డిగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చాడు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో అమెరికన్ బాప్టిస్టులు, మెదక్‌లో వెస్లియన్లు పనిచేశారు. ఎవరి శాఖ మాట వాళ్లది: ప్రొటెస్టెంట్లకు 'బాప్తిస్మం', కతోలికులకు 'జ్ఞానస్నానం'. వీళ్లు ఆరాధనకు వెళ్తే వాళ్లు పూజకు వెళ్తారు. ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో మొదలుపెట్టిన బైబిలు మిషన్ వారైతే ఎదురుపడగానే 'మరనాత' అంటారు. మిగతా ప్రొటెస్టెంట్లలో చాలామందికి 'వందనాలు'.

"ఇంట్లో ప్రార్థన పెట్టించుకుంటున్నాం, రండి" అన్న పిలుపులో కొత్త ఇల్లు, కాన్పు, ప్రయాణం, ఏదైనా ఉండొచ్చు. ఇప్పుడు వీసా కూడా చేరింది. ఎవరైనా పోతే "ప్రభువునందు నిద్రించారు" అంటారు, ఆ తర్వాత ఆదరణ కూడిక. పల్లెల్లో పిడికెడు బియ్యం ఆనవాయితీ ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరేది. చేతిలో డబ్బు ఆడని ఇళ్లకు కానుక అదే. కోతపండుగనాడు సొరకాయలు, కోళ్లు వేలంపాటకు వచ్చేవి. పాటలో గెలిచినవాడు అదే కోడిని మళ్లీ గుడికే ఇచ్చేయడమూ ఉండేది.

విదేశాల్లో పుట్టిన పిల్లల్లో చాలామంది పురుషోత్తం చౌదరి గారి కీర్తనలను ఇంగ్లీషు అక్షరాల్లో చూసి పాడుతున్నారు. పాడనివ్వండి, నోటికి రావడమే గొప్ప. పుస్తకంలో ఉన్న కీర్తనకు పోయే ప్రమాదం తక్కువ. అమ్మమ్మ సాక్ష్యం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. కూడికలకు వచ్చిన పెద్దవాళ్ల చేత సాక్ష్యం చెప్పించి ఫోన్లో రికార్డు చేయాలి. ఏ ఊరు, ఏ మిషన్, ఏ సంవత్సరం అన్నది పక్కన రాసిపెట్టాలి. 'సూసిండు'ను 'చూశాడు' అని దిద్దకూడదు.