అరబీ సంఖ్యలు – నేర్చుకొను విధానం

అరబీ భాషను అభ్యసింపగోరే విద్యార్థి ఎవరైనా మొట్టమొదట కంఠస్థం చేసేది ఒకటి నుండి పది వరకు గల సంఖ్యలను. వాహిద్, ఇస్నాన్, సలాసా, అర్బఆ, ఖమ్సా, సిత్తా, సబ్ఆ, సమానియా, తిస్ఆ, అషరా. ఒక్క సాయంకాలం చాలు, ఈ పది మాటలు నోటికి వస్తాయి. కాని అదే విద్యార్థిని మరునాడు పిలిచి, బల్లమీద మూడు పుస్తకాలు పెట్టి, వీటిని అరబీలో లెక్కించుమంటే 'సలాసా కితాబ్' అంటాడు. అది అరబీ కాదు. చిన్ననాటి నుండి ఖుర్ఆన్ పారాయణం చేస్తూ వచ్చిన మన పిల్లలలో అనేకులు తమ చేతిలోని పుస్తకాలను ఆ భాషలో లెక్కించలేకపోవడం చింతింపదగిన విషయం. సంఖ్యల పట్టిక నేర్వడం వేరు, లెక్కించడం వేరు అని మొదటి పాఠంలోనే చెప్పకపోవడం ఇందుకు ముఖ్య కారణమని మా అభిప్రాయం. అరబీలో సంఖ్య ఒంటరిగా నిలువదు. తాను లెక్కించే నామవాచకాన్ని బట్టి తన రూపం మార్చుకుంటుంది. ఆ నామవాచకం రూపాన్ని కూడా మారుస్తుంది.

ఉచ్చారణను గురించి ఒక మాట. సలాసా, ఇస్నాన్, సమానియా అనే మాటలలో మేము 'స' అని రాసినది నిజానికి సకారం కాదు. నాలుక కొనను పై పళ్లకు, కింది పళ్లకు నడుమ ఉంచి పలకవలసిన ధ్వని అది. ఉర్దూలో దానిని 'సే' అక్షరంతో రాసి 'స' అనే పలుకుతాము. ఇక్కడా అట్లే రాశాము. అర్బఆ, సబ్ఆ, తిస్ఆలలోని 'ఐన్' గొంతులోనుండి రావలసిన అక్షరం. ఇవి గురుముఖతః నేర్వవలసినవే.

ఈ పది మాటలూ మనకు బొత్తిగా కొత్తవి కావు. దువ్వూరి రామిరెడ్డి 'పానశాల' చదివిన తెలుగు విద్యార్థి ఉమర్ ఖయ్యాం రుబాయీల పేరు ఎరుగును. రుబాయీ అంటే నాలుగు పాదాల పద్యం. అర్బఆ అనే సంఖ్యకూ ఆ పేరుకూ ధాతువు ఒక్కటే. ఐదు పాదాల ముఖమ్మస్‌లో ఖమ్సా వున్నది. ఆరు పాదాల ముసద్దస్ ఉర్దూ విద్యార్థులకు సుపరిచితం. హాలీ 1879లో ప్రకటించిన కావ్యం ఈ పేరుతోనే ప్రసిద్ధి పొందినది. సిత్తాలో మరుగుపడిన దకారం ముసద్దస్‌లో బయటపడుతుంది. ముహర్రం పదవనాటికి ఆషూరా అని పేరు; పల్లెలలో పీర్ల పండుగకు కూడేవారందరికీ తెలిసిన ఆ మాటలో అషరా వున్నది. ఇస్నా అషరీలు అంటే పన్నెండుగురు ఇమాములను విశ్వసించేవారు. పన్నెండు అనే అరబీ సంఖ్య ఆ పేరులోనే వినిపిస్తుంది. బట్టీ పట్టడానికి ముందు ఈ చుట్టరికాలను చూపితే పట్టిక సగం దానంతటదే నిలుస్తుంది.

ఇక లెక్కించడం. ఒకటి, రెండు సులభం. 'కితాబున్ వాహిదున్' అంటే ఒక పుస్తకం. సంఖ్య విశేషణంవలె వెనుక వస్తుంది. రెండింటికి సాధారణంగా సంఖ్యే అక్కరలేదు. 'కితాబాని' అంటే చాలు, రెండు పుస్తకాలు. సంస్కృతం చదివినవారికి ద్వివచనం కొత్త కాదు. ఉర్దూవారికైతే అది రోజూ వాడే మాటలలోనే వున్నది: తల్లిదండ్రులను వాలిదైన్ అంటాము, వ్యాజ్యంలోని ఇరుపక్షాలను ఫరీఖైన్ అంటాము. చివరనున్న ఆ 'ఐన్' ద్వివచన ప్రత్యయమే, విభక్తి మారినప్పటి రూపం.

చిక్కు అంతా మూడు నుండి పది వరకే. ఇక్కడ సంఖ్య లింగం నామవాచక లింగానికి విరుద్ధంగా వుంటుంది. పుస్తకం అరబీలో పుంలింగం, కనుక 'సలాసతు కుతుబిన్'. పత్రిక స్త్రీలింగం, కనుక 'సలాసు మజల్లాతిన్'. స్త్రీలింగ చిహ్నమైన 'త' పుంలింగం ముందు నిలిచి, స్త్రీలింగం ముందు తొలగిపోవడం చూసి విద్యార్థి విసుగుకుంటాడు. కాని తెలుగువాడు విసుగుకొనే హక్కు ఎక్కడిది? మూడు పుస్తకాలు అంటాము, ముగ్గురు విద్యార్థులు అంటాము. 'మూడు విద్యార్థులు' అన్నవానిని చూసి నవ్వుతాము. మనుష్యులకొక వరుస, ఇతరములకొక వరుస తల్లి ఒడిలోనే నేర్చినవారము, అరబీలోని రెండు వరుసలకు జంకవలసిన పనిలేదు. నామవాచకం బహువచనంలో వుండవలెనన్నది రెండవ నియమం. 'కుతుబ్' అనే బహువచనం కుతుబ్‌ఖానా అన్నప్పుడల్లా మన నోట మెదిలేదే.

పదకొండు దగ్గర నామవాచకం మళ్లీ ఏకవచనమవుతుంది: 'అహద అషర కితాబన్'. తొంభైతొమ్మిది దాకా ఇంతే. నూరు, వేయి తరువాత కూడా ఏకవచనమే, విభక్తి మాత్రం మారుతుంది: 'మిఅతు కితాబిన్', 'అల్ఫు కితాబిన్'. వేయిన్నొక్క రాత్రుల కథలకు అరబీలో 'అల్ఫ్ లైలా వ లైలా' అని పేరు. అక్కడి లైలా ఒక రాత్రియే. ఇరవై దాటిన సంఖ్యలలో ఒకట్లు ముందు, పదులు వెనుక. ఇరవై ఒకటిని 'వాహిదున్ వ ఇష్రూన', అనగా 'ఒకటియు ఇరువదియు' అంటారు. ఇక్కీస్ అనే ఉర్దూ మాటలోనూ ఒకటే ముందున్నది. కాని 1956 వంటి సంవత్సరాన్ని చదివేటప్పుడు వేయి, తొమ్మిదివందలు మొదట చెప్పి, ఆపైన ఆరును, ఆ తరువాత యాభైని చెబుతారు.

ఆరంభ విద్యార్థికి మా సూచన ఇది. వట్టి సంఖ్యలను వల్లించవద్దు. ఒక పుంలింగ పదం, ఒక స్త్రీలింగ పదం, అనగా కితాబ్, మజల్లా తీసుకొని ఒకటి నుండి పది వరకు వారం రోజులు రెంటినీ లెక్కించండి. ఆ తరువాతే పదకొండుకు పొండి. వీధిలో, అంగడిలో అరబ్బులు మాట్లాడే భాషలో ఈ విభక్తి ప్రత్యయాలు వినిపించవు. గ్రంథాలలో, వార్తలలో, పరీక్షలో మాత్రం తప్పవు.

అంకెల రాత ప్రత్యేకంగా చెప్పవలసిన విషయం. ఈజిప్టు, సౌదీ అరేబియా మొదలైన దేశాలలో వాడే అంకెలను అరబ్బులు 'హిందీ అంకెలు' అని పిలుస్తారు. ఈ దేశపు గణన పద్ధతిని గురించి తొమ్మిదవ శతాబ్దిలో అల్ ఖ్వారిజ్మీ గ్రంథం రాశాడు. మన శూన్యం అక్కడ 'సిఫ్ర్' అయి, ఉర్దూలో సిఫర్ అయినది. మొరాకో, అల్జీరియా, ట్యునీషియాలలో మనం వాడే 1, 2, 3 అంకెలే రాస్తారు. అక్షరాలు కుడి నుండి ఎడమకు సాగినా, సంఖ్యలో పెద్ద స్థానం మనకువలెనే ఎడమవైపున వుంటుంది.

ఇక్కడొక ప్రమాదం వున్నది. ఆ అంకెలలో సున్న ఒక చుక్క మాత్రమే. మన సున్నవలె గుండ్రంగా కనిపించేది ఐదు. మన 7ను పోలి కనిపించేది ఆరు. యాభై దీనార్లు అని రాసినచోట తెలియనివానికి ఒక సున్న, ఒక చుక్క కనిపిస్తాయి. అరవై ఆరు రాసినచోట డెబ్బై ఏడు కనిపిస్తుంది. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు పనికి పోయినవారు ఎందరో. వారి జీతపు చీటీ ఈ అంకెలలో వుంటే, ఇంటివారు చదివించుకోవడానికి వచ్చేది మన విద్యార్థుల దగ్గరికే. అందుచేత ఆరంభ తరగతిలో నల్లబల్లమీద మొదట రాయవలసినవి చుక్కయైన సున్న, సున్నవంటి ఐదు, వాటి ప్రక్కన ఏడును పోలిన ఆరు.