ప్రైవేట్ మెథడ్‌కు దొడ్డిదారి: రిఫ్లెక్షన్

ఆండ్రాయిడ్ అప్‌డేట్ అయిన మర్నాడు, నిన్నటిదాకా బాగా పనిచేసిన యాప్ తెరవగానే మూసుకుపోవడం కొందరికి అనుభవమే. దీనికి కారణాలు చాలా ఉండవచ్చు. వాటిలో ఒకటి రిఫ్లెక్షన్.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషల్లో ప్రోగ్రామును క్లాసులుగా రాస్తారు. క్లాసు చేసే పనులను మెథడ్లు అంటారు. బ్యాంకు ఖాతా అనే క్లాసు ఉందనుకుందాం. ‘డబ్బు తియ్యి’ అన్నది పబ్లిక్ మెథడ్, దాన్ని ఎవరైనా పిలవవచ్చు. ఖాతాలో సరిపడా సొమ్ము ఉందని చూసుకున్నాక అది లోపలున్న ‘నిల్వ మార్చు’ను పిలుస్తుంది. ఈ రెండోది ప్రైవేట్. బయటి కోడ్ దాన్ని నేరుగా పిలిస్తే కంపైలర్ ఒప్పుకోదు.

అయినా కంపైల్ చేసిన ఫైల్లో ఆ మెథడ్ పేరు, పక్కన ‘ప్రైవేట్’ అన్న గుర్తు అలాగే ఉంటాయి. నడుస్తున్న ప్రోగ్రాము ఈ వివరాలను తానే చదువుకోవడమే రిఫ్లెక్షన్. జావాకు ఇది 1997లో, 1.1 వెర్షన్‌తో వచ్చింది. మరుసటి ఏడాది 1.2లో వచ్చిన ‘సెట్ యాక్సెసిబుల్’తో ఆ గుర్తును పట్టించుకోవద్దని చెప్పే వీలు కలిగింది. ఇక సొమ్ము ఉందో లేదో చూడకుండానే నిల్వ మార్చేయవచ్చు! ప్రైవేట్ అంటే దొంగలను ఆపే తాళం అనుకునేవారు ఇది గమనించాలి.

దీనికి మంచి ఉపయోగాలూ ఉన్నాయి. జేసన్ సమాచారాన్ని ఆబ్జెక్టులుగా మార్చే జీసన్ లాంటి లైబ్రరీలు ప్రైవేట్ ఫీల్డులను ఇలాగే నింపుతాయి. పరీక్షల కోసం ప్రైవేట్ మెథడ్లను పిలిచేవారూ ఉన్నారు. పబ్లిక్ మెథడ్ ద్వారా పరీక్షించలేనంత పెద్ద పని లోపల దాగి ఉంటే, దాన్ని వేరే క్లాసుగా విడదీయడమే మేలని నా అభిప్రాయం.

అసలు చిక్కు పేరుతో వస్తుంది. రిఫ్లెక్షన్‌లో మెథడ్ పేరును కొటేషన్ల మధ్య రాస్తారు. కంపైలర్‌కు అవి ఉత్త అక్షరాలే. క్లాసు రాసినవారు రేపు ఆ పేరు మార్చినా కంపైలర్ హెచ్చరించదు. తప్పు బయటపడేది వాడకందారు చేతిలోనే.

అందుకే ఈ దారిని క్రమంగా మూస్తూ వచ్చారు. 2017లో జావా 9 మాడ్యూళ్లను తెచ్చి, తన అంతర్గత క్లాసుల జోలికి వస్తే మొదట హెచ్చరికతో సరిపెట్టింది. 2021లో జావా 16 నుంచి మామూలుగా నిరాకరణే. ఆండ్రాయిడ్ 2018లో, తొమ్మిదో వెర్షన్‌తో, వ్యవస్థలోని అంతర్గత మెథడ్లపై ఆంక్షలు పెట్టింది. నిషిద్ధ మెథడ్‌ను పేరుతో వెతికితే, ‘అనుమతి లేదు’ అనదు. అది కళ్లెదుటే ఉన్నా, అలాంటి మెథడే లేదంటుంది.