పాత సీట్లను కుటుంబపు బండిలో బిగించుట



మన గ్రామములలో నేడు ట్రాక్టరుతో పాటు ఐదుగురు కూర్చుండు వ్యాను కూడ పలువురి యిండ్ల ముందు కనబడుచున్నది. వారమంతయు అది కూరగాయల బుట్టలను, ఎరువు బస్తాలను మోయును. పెండ్లి వచ్చినను, జాతర వచ్చినను ఇంటిల్లిపాదిని మోయవలసినదియు అదియే. ఇంటిలో ఎనమండుగురు, సీట్లు ఐదు. అట్టి సమయమున యజమాని చూపు పాత ఇనుప సామానుల అంగడిపై పడును. ప్రమాదమున చెడిన బండినుండి ఊడదీసిన సీటు అచ్చట క్రొత్తదాని వెలలో స్వల్పభాగమునకే దొరకును. దానిని తెచ్చి మన బండి వెనుకభాగమున బిగించుకొనవచ్చునా యని సభ్యులు మమ్ము పలుమార్లు అడుగుచున్నారు. అవునని గాని కాదని గాని ఒక్క మాటతో తేల్చదగినది కాదు గాన కొంత వివరముగా వ్రాయుచున్నాము.

ఈ యాశ క్రొత్తది కాదు. స్టేషన్ వ్యాగన్ అను పేరే రైలు స్టేషనునుండి ప్రయాణికులను, వారి సామానును చేరవేసిన బండ్లవలన వచ్చినది. వెనుకనున్న సామాను జాగాలో మనుష్యులను కూర్చుండబెట్టవలెనను కోరిక ఆ బండ్లతోనే పుట్టినది. స్వీడను దేశపు వోల్వో కంపెనీవారు తమ స్టేషన్ వ్యాగన్లలో పిల్లలు వెనుకకు తిరిగి కూర్చుండు సీట్లను అమ్మిరి. మన దేశమున మారుతీ ఓమ్ని వ్యాను 5 సీట్లతోను 8 సీట్లతోను వచ్చెడిది. 2019లో దాని తయారీ ఆగినది. 2010లో వెలువడిన ఈకో బండియు 5 సీట్లతోను 7 సీట్లతోను అమ్మబడినది. కావున వెనుక సీటు అసాధ్యమైన వస్తువు కాదు. అయితే కంపెనీవారు సీటు పెట్టునపుడు దానిక్రింద ఏమి పెట్టుదురో, మన వెల్డింగు కొట్టులో ఏమి పెట్టుదురో, ఆ భేదము తెలియవలయును.

బండి నిలిచియున్నపుడు సీటు మనిషి బరువును మాత్రమే మోయును. ఆ పనికి నాలుగు ఇటుకలపై పరచిన పలకయైనను చాలును. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు బండి చెట్టునకు తగిలినచో లెక్క వేరు. ఆ వేగము, మనిషి సుమారు 32 అడుగుల యెత్తునుండి నేలపై పడునపుడు కలుగు వేగమునకు సమానము. బండి ముందుభాగము నలిగి, అరవై సెంటీమీటర్ల దూరములో ఆ వేగమంతయు అణగినదనుకొనుడు. ఆ క్షణమున లోపలి ప్రతి వస్తువును తన బరువునకు సగటున 16 రెట్ల బలముతో ముందునకు త్రోయబడును. 25 కిలోల పిల్లవాడు 400 కిలోలగును, అనగా 75 కిలోల ధాన్యపు బస్తాలు ఐదింటికి మించిన బరువు. అరవై కిలోల పెద్దలు ముగ్గురు కూర్చున్న సీటైనచో ముప్పదియెనిమిది బస్తాల బరువు నొక్కమారుగా ఆపవలయును. ఆ పని చేయవలసినవి బెల్టులు, బోల్టులు, వాటిని పట్టియున్న నేలరేకు. సీటు మెత్తదనమునకు గాని, పై గుడ్డ సొగసునకు గాని ఇందులో పాలు లేదు.

కంపెనీలు పాటించు అంతర్జాతీయ నిబంధన 14 ప్రకారము, కార్లలో మూడు చోట్ల పట్టు బెల్టు యొక్క భుజపు పట్టీని సుమారు 1375 కిలోల బలముతోను, నడుము పట్టీని అంతే బలముతోను ఒకేసారి లాగి పరీక్షింతురు. బెల్టు సీటునకే అమర్చబడియున్నచో సీటు బరువునకు 20 రెట్ల బలమును కూడ దానికి చేర్చుదురు. ఆ పరీక్షకు నిలుచుటకై, బోల్టు దిగు చోట నేలరేకు క్రింద మందమైన ఉక్కు పట్టీని అదికి, నట్టును దానికి ముందే అతికియుంతురు. బోల్టు తలపై 8.8 అనియో 10.9 అనియో అంకెలుండును. అవి ఉక్కు బలమును తెలుపు గుర్తులు. నాగలికో గొర్రుకో వాడు మామూలు బోల్టులకు ఆ బలముండదు. రోటవేటరులో షీర్ బోల్టును కావలెననియే మెత్తని యినుముతో చేయుదురు. రాయి తగిలిన వెంటనే అది తెగి యంత్రమును కాపాడును. తెలియక అట్టి బోల్టునే సీటునకు వేసినవారు కలరు. యంత్రమును కాపాడుటకు తెగవలసిన బోల్టు మనుష్యుని క్రింద నుండతగదు.

ఇక మన గ్రామములలో జరుగునది చూడుడు. బండి నేలరేకు సాధారణముగా ఒక మిల్లీమీటరు మందమైనను ఉండదు. దానికి రంధ్రము వేసి, రూపాయి బిళ్లంత వాషరు పెట్టి బిగింతురు. లేదా సీటు కాళ్లను నేరుగా రేకునకు వెల్డింగు చేయుదురు. అట్లు అతికిన సీటొకదానిని మేము రెండు చేతులతో పట్టి యూపగా, దాని చుట్టునున్న రేకంతయు అప్పడమువలె లేచి పడినది. అతుకు గట్టిదే, క్రింది రేకు గట్టిది కాదు. వెల్డింగు వేడికి రేకు పైపూత కాలి తుప్పునకు దారి యేర్పడును. అంతకన్న భయంకరమైనది, ఆ నేలక్రింద పెట్రోలు తొట్టి, దాని గొట్టములు, బ్రేకు గొట్టములు పోవుచుండును. గ్యాసు సిలిండరున్న బండియైనచో చెప్పనక్కరలేదు. చూడకుండ డ్రిల్లు దింపిన చేయి ఎవరిదైనను అది మంచి చేయి కాదు.

గోడ ప్రక్కగా అడ్డముగా వేయు బల్లసీట్లను గూర్చి మా యభిప్రాయము కఠినమైనది. వానిపై కూర్చున్నవారు తాకిడి సమయమున ప్రక్కకు త్రోయబడి ఒకరిపై నొకరు పడుదురు. నడుమునకు బెల్టున్నను మొండెము ప్రక్కకు విరుగును. 1959లో నీల్స్ బోలిన్ అను స్వీడను ఇంజనీరు వోల్వో కంపెనీలో రూపొందించిన మూడు చోట్ల పట్టు బెల్టు, ముందునకు తిరిగి కూర్చున్నవాని కొరకు చేయబడినది. పిల్లలను అడ్డబల్లపై కూర్చుండబెట్టుట మానుడు.

బరువు నిలుకడ సంగతి మీకు మేము నేర్పనక్కరలేదు. ఎడ్లబండిలో వెనుక బరువెక్కువైనచో కాడి పైకి లేచును. వ్యాను వెనుక ఇరుసునకు ఆవల ముగ్గురు కూర్చున్నను అదియే జరుగును. ముందు చక్రములు తేలికపడి మలుపులో చక్రపుపట్టు మాట వినదు.

చట్టము సంగతి. బండి రిజిస్ట్రేషను పత్రమున సీట్ల సంఖ్య వ్రాసియుండును. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారుడు నిర్ణయించిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టువారు కూడ ఈ యర్థమునే స్థిరపరచిరి. అదే సంవత్సరము సవరింపబడిన చట్టమున, అనుమతి లేని ప్రతి మార్పునకు యజమానికి 5000 రూపాయల జుర్మానా గాని, ఆరు నెలలవరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చునని యున్నది. జుర్మానా కట్టి బయటపడవచ్చును. ప్రమాదము జరిగి బీమా పరిహారము కోరునపుడు, పత్రములో లేని సీటును చూపి వారు అడ్డుచెప్పినచో ఆ నష్టము పొలము అమ్మినను తీరకపోవచ్చును. కావున సీటు కొనక మునుపే రవాణా కార్యాలయమున వ్రాతమూలకముగా అడుగుడు. వారు కాదన్నచో ఆ ప్రశ్న అంతటితో తీరినది. నోటిమాట అనుమతి అనుమతి కాదు.

వారు ఒప్పినను ఒక్క విధమైన సీటునే మేము సమ్మతింతుము. మీ బండి రకమునకే కంపెనీవారు అదనపు సీటు అమ్మియుండవలయును. ఆ సీటునే, దాని బెల్టులతో కూడ తేవలయును. మీ బండి నేలలో దాని బోల్టులకు నట్టులు ముందే అతికియుండవలయును. నేలపై పరచిన చాపను ఎత్తి చూడుడు. కొన్ని బండ్లలో రబ్బరు మూతలక్రింద ఆ నట్టులుండును, కొన్నిటిలో ఉండవు. లేనిచో క్రొత్త రంధ్రములు వేయవలదు.

పాత సీటు నిజముగా లాభము తెచ్చు చోటు మరియొకటి కలదు. ఉన్న సీటు చినిగి, చట్రము విరిగినపుడు, అదే రకపు బండినుండి తీసిన సీటును అదే స్థానమున, అవే రంధ్రములలో బిగించుట. సీట్ల సంఖ్య మారదు, నేల చెడదు, డబ్బు మిగులును. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల ఇట్టివి వెదకవచ్చును. అయితే కన్ను తెరచి కొనుడు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో బండ్లు మునిగినవి. నీట నానిన సీటు ఎండిన పిమ్మట పైకి బాగుగనే కనబడును. క్రిందికి త్రిప్పి చట్రపు మూలలను, స్ప్రింగులను, పట్టాలను చూడుడు. లోపలి నురుగును మూర్కొనుడు. బురద వాసన దాగదు. కాళ్లు వంగి మరల సాగగొట్టినట్లున్న సీటును ఉచితముగ ఇచ్చినను తేవలదు. ప్రక్కనుండి పసుపుపచ్చని తీగ వ్రేలాడుచున్నచో అందు గాలిసంచీ యుండవచ్చును. అది మందుగుండుతో పేలు వస్తువు, ఊడదీయబోవలదు.

పాత బెల్టులను గూర్చి ఇంకను జాగ్రత్త. ఒక్కమారు పెద్ద తాకిడిని మోసిన బెల్టు మరల పనికిరాదు. పట్టీని చివరివరకు లాగి చూడుడు. అంచులు చీలియున్నను, అల్లిక అలలుగా సాగియున్నను, బకిలు రాసిన చోట కరగిన మెరుపున్నను విడిచిపెట్టుడు. తటాలున లాగినపుడు బిగిసి నిలువవలయును. ప్రమాదపు బండినుండి వచ్చిన సీటైనచో బెల్టులు మాత్రము క్రొత్తవి కొనుటయే మా సలహా.

ఏటికి నాలుగైదు దినముల ప్రయాణమునకై ఇంత శ్రమపడుట తగునా యని కూడ ఆలోచింపుడు. నలుగురైదుగురు సభ్యులు కలసి ఆ దినములకు పెద్ద బండిని బాడుగకు మాటలాడుకొన్నచో పిల్లలందరు బెల్టుగల సీట్లలో కూర్చుండగలరు. సంఘ సమావేశమున ఈ విషయమును ఎత్తదగును.

సీటు మార్చుకొన్నవారికి కడపటి సూచన. బోల్టులను కంపెనీ పుస్తకమున వ్రాసిన బిగువునకు, కొలత చూపు రెంచితో బిగింపించి, నెల దినముల పిమ్మట మరల పరీక్షింపుడు. ఎరువు మోసిన దినమున నేలను తుడువక విడువరాదు. యూరియా పొడి చెమ్మను పీల్చి బోల్టుల మెడలకు తుప్పు పట్టించును. బస్తాలు వేయునపుడు బెల్టు బకిళ్లను గుడ్డతో చుట్టి పైకి కట్టుడు; మట్టి చొచ్చిన బకిలు తాళము పడినట్లే కనబడి, గట్టిగా లాగినపుడు ఊడివచ్చును.