బదిలీ అయిన ఊరు

బదిలీ అంటే ఏమిటో మీకు గానీ మాకు గానీ ఎవరూ చెప్పనక్కర్లేదు. అట్టపెట్టెల మీద నంబర్లు వేయడం, లారీ కదిలాక ఖాళీ ఇంట్లో ఒకసారి తిరిగి చూసుకోవడం, కొత్త బడిలో చివరి బెంచీ. అయితే పిల్లలూ, ఒక ఊరి రాళ్ళకే బదిలీ అయిన కథ ఉంది. ఆ కథకు మొదలు మాలాంటి ఓ బడిపంతులు.

1926లో, గుంటూరు జిల్లా పల్నాడులో, కృష్ణ ఒడ్డున నల్లమల కొండల మధ్య లోయలో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు ఓ పాత స్తంభాన్ని చూశారు. పశువుల కాపర్లు రోజూ చూసేదే అయి ఉంటుంది. ఆయన మాత్రం ఆ సంగతి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. శాసనాల విభాగం నుంచి తెలుగు సహాయకుడు వచ్చి చూశాక తవ్వకాలు మొదలయ్యాయి. బయటపడింది క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజులు ఏలిన విజయపురి! అదే నాగార్జునకొండ. స్తూపాలు, విహారాలు, నాలుగు వైపులా మెట్ల వరసలున్న ప్రదర్శనశాల, బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనాలు దొరికాయి. మహాచైత్యానికి దాత రాజుగారి సోదరి చాంతిసిరి అని ఆ శాసనాలే చెప్పాయి. తవ్వించిన లాంగ్‌హర్స్ట్ 1938లో దీనిమీద పుస్తకం వేశారు.

ఇంతలో నాగార్జునసాగర్ వచ్చింది. 1955లో శంకుస్థాపన. పొలాలకు నీళ్ళు కావాలి, ఆ నీళ్ళు నిలిచేది ఈ లోయలోనే. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా గాలించి తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండమీదికీ, తూర్పు ఒడ్డున అనుపుకీ చేర్చి మళ్ళీ కట్టారు. ఇలాంటి పనిలో ముందు కొలతలు తీసి, బొమ్మలు గీసి, ఫొటోలు తీసుకోవాలి. ఏ రాయి ఏ వరసలోదో గుర్తు లేకపోతే కుప్ప మిగులుతుంది, గుడి కాదు. (మేం అన్ని పెట్టెలకూ నంబర్లు వేసినా ఒక బదిలీలో పుస్తకాల పెట్టె పోయింది. ఏ పుస్తకాలో రాసి పెట్టుకోలేదు, అదీ మా తప్పు.)

అన్నిటినీ తేలేకపోయారు. మిగిలినవి నీటి అడుగునే ఉన్నాయి. వాటి గురించి మనకు తెలిసేది రాసిపెట్టిన మేరకే. 1954–60 తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో గానీ రాలేదు. మాకైతే తవ్వకం కన్నా ఆ రాతపనే కష్టమనిపిస్తుంది.

సెలవుల్లో అటు వెళ్తే విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కాలి. శుక్రవారం మ్యూజియం ఉండదు. స్నానఘట్టం కొండమీదే ఉంది. ప్రదర్శనశాల మాత్రం అనుపులో, రోడ్డు దారిన వెళ్ళాలి. మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి చూడండి.