తల్లి కంచంలో ఏముంది?

వెంకటాచలంలోనైనా, నెల్లూరులోనైనా కాన్పు కాగానే కొన్ని ఇళ్ళలో మనం మొదట వెతికేది తేనెసీసా. ముర్రుపాలు పిండి పారబోసేవాళ్ళూ ఇంకా ఉన్నారు. బిడ్డకు రోగాలను తట్టుకునే శక్తినిచ్చేది ఆ పసుపుపచ్చని పాలే. పుట్టిన గంటలోపే పట్టాలి. ఆరు నెలలదాకా తల్లిపాలే చాలు, నీళ్ళు కూడా అక్కరలేదు. ఏడాదిలోపు పసివాళ్ళకు తేనె ప్రమాదకరం.

దివ్య ఖుర్‌ఆన్ 'బఖరా' సూరా 233వ ఆయత్‌లో రెండేళ్ళు పాలిచ్చే ప్రస్తావన ఉంది. ఆ తల్లికి తిండీ బట్టా సమకూర్చే బాధ్యత తండ్రిదని కూడా అక్కడే ఉంది. ఈ రెండోమాటను మనం మరచిపోతున్నాం.

1992 చట్టం పాలడబ్బాల ప్రకటనలను నిషేధించింది గానీ, పత్యం పేరిట బాలింతకు పెట్టే అరకడుపు తిండిని ఏ చట్టం మాన్పిస్తుంది? పాలు చాలడం లేదని కోడల్ని ఆడిపోసుకునే ముందు ఆమె కంచంలో ఏముందో, బిడ్డను మాటిమాటికీ రొమ్ముకు పట్టే తీరిక ఆమెకుందో లేదో చూద్దాం.