యంత్రం కొన్నాక చేతిలో ఎంత?

ముద్రా రుణం కోసం మా శాఖకు వచ్చేవారిని నేను మొదట అడిగేది ఒక్కటే: "యంత్రం కొన్నాక చేతిలో ఎంత మిగులుతుంది?"

2015లో మొదలైన ఈ పథకంలో శిశు విభాగం కింద రూ.50,000, కిశోర్ కింద రూ.5 లక్షల వరకు తాకట్టు లేకుండా రుణం ఇస్తాం. అయితే పిండిమర పెట్టినా, టైలరింగ్ షాపు తెరిచినా కరెంటు బిల్లు కట్టాలి, సరుకు తేవాలి, అరువు బాకీలు వసూలయ్యేదాకా ఓపిక పట్టాలి. గిరాకీ ఉన్నా ఈ ఖర్చులకు డబ్బు చాలక మూతపడే దుకాణాలున్నాయి. అందుకే దరఖాస్తులోనే నిర్వహణ మూలధనం కూడా చూపమంటాను. ముద్రాలో దానికీ రుణం ఉంది.

రోజువారీ అమ్మకాల సొమ్ము ఖాతాలో వేస్తూ ఉండండి. రేపు పెద్ద రుణం అడిగినప్పుడు ఆ లెక్కే మీ తరఫున మాట్లాడుతుంది. ఒక్క కుట్టుమిషన్‌తో మొదలుపెట్టడంలో చిన్నతనమేమీ లేదు. రెండోది లాభంతో కొనుక్కోవచ్చు.