వఫ్రా బావినీరు - ఇంటి సాఫ్ట్‌నర్ లెక్క

అరబ్బీలో వఫ్రా అంటే సమృద్ధి. కువైట్ నగరానికి దక్షిణంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, సౌదీ అరేబియా సరిహద్దు సమీపంలో ఉన్న ఈ ప్రాంతంలో 1953లో చమురు బయటపడింది. సంవత్సరానికి 120 మిల్లీమీటర్ల వర్షం కూడా నిలకడగా పడని ఈ ఎడారి దేశంలో టమాటా, దోస, వంగ వంటి కూరగాయలు పండుతున్నాయంటే అందులో పెద్ద వాటా ఇక్కడి తోటలదీ, ఉత్తరాన ఉన్న అబ్దలీ తోటలదీ. కువైట్‌లోని తెలుగువారిలో కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాలవారు ఎక్కువ. వారిలో కొందరికి ఈ తోటలే పనిచోటు, కొందరికి వారాంతపు విడిది. తోట ఇంటిలో మొదటి రాత్రే అందరికీ తెలిసివచ్చే విషయం ఒకటున్నది: సబ్బు నురగ రాదు, బావినీటితో వండితే కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు. వెంటనే వచ్చే ఆలోచన సాఫ్ట్‌నర్ కొనాలని. ఆ ఆలోచన ఎక్కడ సరియైనదో, ఎక్కడ కాదో తేల్చేది కేవలం కూడిక, గుణకారం.

మొదట తెలుసుకోవలసింది కుళాయిలో వచ్చేది ఏ నీరు అన్నది. కువైట్‌లో నీరు ఒకటి కాదు. ఒకప్పుడు షత్ అల్ అరబ్ నదినుంచి పడవలమీద మంచినీరు తెచ్చుకొన్న ఈ దేశం 1953లో షువైఖ్‌లో సముద్రపు నీటిని స్వేదనం చేసే ప్రభుత్వ కర్మాగారాన్ని నెలకొల్పుకొన్నది. నగరంలో నేటికీ తాగునీటికి ఆధారం సముద్రమే. స్వేదన జలంలో లవణాలు దాదాపు ఉండవు. అది రుచిలేనిది, పైగా గొట్టాలను తినివేసే స్వభావం కలది. అందుచేత దానిలో కొద్దిపాటి ఉప్పు భూగర్భజలాన్ని కలిపి సరఫరా చేస్తారు. అదే భూగర్భజలం చాలా ఇళ్ళకు వేరే గొట్టంలో, తోటపనికీ కడగడానికీ వస్తుంది. ఇక వఫ్రా తోటలకు సొంత బోరుబావులే కాక, శుద్ధి చేసిన మురుగునీరు కూడా సేద్యానికి అందుతున్నది. ఈ మూడవ నీటిని ఇంటి గొట్టాలకు ఎన్నడూ కలుపరాదు. సాఫ్ట్‌నర్ దానిని మంచినీరుగా మార్చలేదు.

వఫ్రా బావులకు నీరిచ్చేవి రెండు పొరలు. పైన ఇసుక, గులకరాళ్ళు, అక్కడక్కడ జిప్సంతో కూడిన కువైట్ గ్రూపు, దానికింద దమ్మామ్ సున్నపురాయి. సౌదీ వైపునుంచి అతి నెమ్మదిగా ఈశాన్యంగా ప్రవహించే నీరు దారిపొడుగునా ఈ రాళ్ళను కరిగించుకొంటూ వస్తుంది. అందువలన లీటరు నీటిలో కరిగిన లవణాలు వేల మిల్లీగ్రాములలో ఉంటాయి. తోడేకొద్దీ ఉప్పు పెరుగుతుంది కూడా. పక్కతోట బావిలో పదేళ్ళ క్రితం చేయించిన పరీక్ష ఫలితం ఈ తోట బావికి పనికిరాదు.

నీటి కాఠిన్యమంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియంల మోతాదు. దానిని కాల్షియం కార్బొనేటుకు సమానంగా లెక్కకట్టి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. బైకార్బొనేట్లవల్ల వచ్చే తాత్కాలిక కాఠిన్యం కాచితే పోయి, గిన్నె అడుగున గారగా మిగులుతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్లవల్ల వచ్చే శాశ్వత కాఠిన్యం ఎంత కాచినా పోదు. జిప్సం కరిగిన వఫ్రా నీటిలో ఈ రెండవది అధికం. పప్పు ఉడకకపోవడానికి కారణం కాల్షియం గింజ కణాల గోడలలోని పెక్టిన్‌ను పట్టి బిగించడం. పెద్దలు చిటికెడు వంటసోడా వేయడంలోని రహస్యం ఆ పట్టును సడలించడమే. చిల్లగింజ అరగదీసి కలిపినా ఫలితం ఉండదు. అది బురదను పేర్చి అడుగుకు దింపుతుందే గాని కరిగిన లవణాన్ని తాకదు.

సాఫ్ట్‌నర్ చేసే పని వినిమయం. నేలకు ఈ గుణమున్నదని 1850లో ఇంగ్లండులో థాంప్సన్, వే అనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 1935లో ఆడమ్స్, హోమ్స్ అనేవారు కృత్రిమ రెజిన్‌తో అదే పని సాధించారు. నేటి సాఫ్ట్‌నర్ తొట్టిలో ఉండేవి ఆవగింజంతటి, ఇంకా చిన్నవైన ప్లాస్టిక్ పూసలు. వాటిని అంటిపెట్టుకొని సోడియం ఉంటుంది. కఠినజలం ఆ పూసల మధ్యనుంచి పోయేటపుడు కాల్షియం, మెగ్నీషియం పూసలను పట్టుకొని, సోడియం నీటిలోకి దిగుతుంది. పూసలు నిండిపోయాక గాఢమైన ఉప్పునీరు పంపితే కాల్షియం మురుగులోకి వెళ్ళి, సోడియం తిరిగి తన స్థానంలో కూర్చుంటుంది. దీనినే పునరుద్ధరణ అంటారు. ఇక్కడ ఉప్పు పోవడం లేదు, ఒక లవణం స్థానంలో మరొకటి వస్తున్నది, అంతే. నీరు సబ్బుకు మెత్తబడుతుంది. నాలుకకు మాత్రం ఉప్పగానే ఉంటుంది.

ఇక లెక్క. ఫర్వానియాలోనో, మంగఫ్‌లోనో అయిదుగురున్న ఫ్లాటును ఉదాహరణగా తీసుకొంటే, మనిషికి రోజుకు 200 లీటర్ల చొప్పున 1,000 లీటర్ల వాడకం. నీటి కాఠిన్యం 150 అని పరీక్షలో తేలిందనుకొంటే రోజుకు తొలగించవలసినది 150 గ్రాములు. లీటరు రెజిన్‌కు 100 గ్రాముల ఉప్పు వాడి పునరుద్ధరిస్తే అది సుమారు 45 గ్రాముల కాఠిన్యాన్ని పడుతుంది. 25 లీటర్ల రెజిన్ ఉన్న యంత్రం 1,125 గ్రాములు పట్టగలదు, అంటే ఏడున్నర రోజులు. ఒక రోజు పైచిలుకు నిల్వగా ఉంచుకొని ఆరు రోజులకొకసారి పునరుద్ధరిస్తే, ప్రతిసారీ రెండున్నర కిలోల చొప్పున నెలకు పన్నెండు కిలోల పైన ఉప్పు. ఇది ఏ సంసారమైనా మోయగల భారమే.

అమ్మకందారులు చెప్పే అంకెలు చాలాసార్లు గ్రెయిన్లలో ఉంటాయి. గాలన్‌కు ఒక గ్రెయిన్ అంటే లీటరుకు 17.1 మిల్లీగ్రాములు. 28 లీటర్ల రెజిన్‌కు 30,000 గ్రెయిన్ల శక్తి అని అట్టపెట్టెమీద రాసిన సంఖ్య నిజమే కావచ్చు. కాని అది ఒక్కో విడతకు దాదాపు ఏడు కిలోల ఉప్పు పోస్తేనే వచ్చేది. మూడు కిలోలలోపు ఉప్పుతో 20,000 గ్రెయిన్లు వస్తాయి. ఉప్పు రెండున్నర రెట్లు, ఫలితం ఒకటిన్నర రెట్లు! పెట్టెమీది పెద్ద సంఖ్యను చూసి కొనడంకంటె రెజిన్ ఎన్ని లీటర్లని అడగడం మేలు. నీటి వేగాన్ని కూడా చూడాలి. 25 లీటర్ల రెజిన్ గంటకు 1,000 లీటర్లదాకా, అంటే నిమిషానికి 16, 17 లీటర్లు సాఫీగా మెత్తబరుస్తుంది. రెండు స్నానాల గదుల షవర్లు ఒకేసారి తెరిస్తే దాని హద్దు దాదాపు వచ్చినట్టే.

అదే కుటుంబం, అదే యంత్రం వఫ్రా బోరుబావికి తగిలిస్తే? కాఠిన్యం 2,000 అనుకొంటే రోజుకు తొలగించవలసినది 2,000 గ్రాములు. ఉదయం ఆరింటికి మొదలుపెడితే రాత్రి ఏడున్నరకు యంత్రం అలసిపోతుంది. రోజుకు నాలుగున్నర కిలోలు, నెలకు 130 కిలోల పైన ఉప్పు కావాలి. వారానికొకసారి పునరుద్ధరణ చాలాలంటే 310 లీటర్ల రెజిన్ పెట్టాలి. అది ఇంటి యంత్రం కాదు, చిన్న కర్మాగారం. ఇంతా చేస్తే ఫలితం కూడా అరకొరే. ముడినీటిలోనే సోడియం విస్తారంగా ఉన్నపుడు అది పూసలమీద పోటీకి దిగి, కొంత కాల్షియంను పట్టుబడకుండా దాటవేయిస్తుంది.

అసలు ప్రమాదం గ్లాసులో ఉన్నది. లీటరులో 100 మిల్లీగ్రాముల కాఠిన్యం తీసినపుడు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. నగరపు నీటిలో అది 69. రోజుకు మూడు లీటర్లు తాగినా 207. వఫ్రా నీటిలో లీటరుకు 920, మూడు లీటర్లకు 2,760 మిల్లీగ్రాములు. ముందునుంచీ ఆ నీటిలో ఉన్న సోడియం దీనికి అదనం. పెద్దలు రోజు మొత్తంలో ఆహారంతో కలిపి 2,000 మిల్లీగ్రాములలోపే సోడియం తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆవకాయ, ఊరగాయ లేనిదే ముద్ద దిగని ఇంట్లో, రక్తపోటుకు మందులు వాడే తాతగారో అమ్మమ్మగారో ఉన్నపుడు, "నీరు మెత్తబడింది, నిశ్చింతగా తాగండి" అనడం అన్యాయం. పసిపిల్లల పాలపొడి కలిపే నీటి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. తోటల ఎరువులలోని నైట్రేట్లు నేలలోకి ఇంకి బావిలో చేరవచ్చు. సాఫ్ట్‌నర్ వాటిని పట్టదు, క్రిములను చంపదు, ఫ్లోరైడును వదిలివేస్తుంది.

మొక్కలకూ ఇది మంచిది కాదు. చవుడు నేలకు మన రైతులు జిప్సం చల్లుతారు. అందులోని కాల్షియం మట్టిరేణువులను పట్టిన సోడియంను తరిమి, నేలను గుల్లబరుస్తుంది. సాఫ్ట్‌నర్ నీటిని కుండీలకు పోయడం దీనికి సరిగ్గా తలకిందులైన పని. మునగ, కరివేపాకు మొక్కలను ఎడారిలో ప్రాణంగా పెంచుకొనేవారు తోట కుళాయిని సాఫ్ట్‌నర్‌కు ముందే విడదీయించుకోవాలి. వంటింటి తాగునీటి కుళాయినీ అలాగే. పునరుద్ధరణలో వచ్చే మురుగును చెట్టు పాదులోకి వదలడం మరీ దారుణం.

మరి వఫ్రా ఇంటికి దారి ఏది? ఇంటి అవసరాలకు ట్యాంకరులో వచ్చే సరఫరా నీరు, మూతబిగువైన, ఏటా కడిగే ట్యాంకు, బావినీరు తోటకు. బావినీరే గతి అయితే కావలసింది లవణాలనే వేరుచేసే ఆర్.ఓ. యంత్రం. సింకు కింద అమర్చే చిన్న ఆర్.ఓ.లు సాధారణంగా లీటరుకు 2,000 మిల్లీగ్రాముల లవణాలదాకానే ఉద్దేశించినవి. 5,000 ఉన్న నీటికి అధిక పీడనపు పంపుగల ఉప్పునీటి ఆర్.ఓ. పెట్టించాలి. దాని పొరమీద గార కట్టకుండా ముందు చిన్న సాఫ్ట్‌నర్ గాని, గార నిరోధక రసాయనం గాని వాడడం ఉన్నది. వఫ్రా బావి దగ్గర సాఫ్ట్‌నర్‌కు తగిన చోటు ఆ సహాయక పాత్రే.

కొనేముందు పరీక్ష చేయించడం తప్పనిసరి. కలంవంటి టి.డి.ఎస్. మీటరు కాఠిన్యాన్ని కొలవదు. సాఫ్ట్‌నర్‌కు ముందూ తరువాతా అది చూపే సంఖ్య దాదాపు ఒకటే. ఎర్రరంగు నీలమయ్యేదాకా చుక్కలు లెక్కించే చిన్న కిట్టు చాలు. రెండు ఇనుప కడ్డీలు ముంచి నీటిని గోధుమరంగు చేసి భయపెట్టే ప్రదర్శనలు నమ్మదగినవి కావు. విద్యుత్తు ప్రవహించినపుడు కడ్డీలలోని ఇనుమే తుప్పుగా కరుగుతుంది. లవణాలు తక్కువగా ఉన్న నీటిలో విద్యుత్తు సరిగా పారదు కనుక ఆ నీరు తేటగా ఉండిపోతుంది. గొట్టానికి అయస్కాంతం చుట్టే పరికరాలకు నమ్మదగిన ఆధారం అంతంతమాత్రమే.

అమర్చే చోటు నీడలో ఉండాలి. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదయింది. చాలా సాఫ్ట్‌నర్ తొట్లూ కవాటాలూ 40 నుంచి 50 డిగ్రీలకే హద్దు. మిద్దెమీద ఎండలో నిలబెడితే రెజిన్‌కంటె ముందు అవే చెడిపోతాయి.

ఊళ్ళో కడుతున్న ఇంటికి సాఫ్ట్‌నర్ పంపాలనుకొనేవారికీ ఇదే లెక్క వర్తిస్తుంది. కడప సీమలో ఇళ్ళకు పరిచే నాపరాయి సున్నపురాయే. అదే కరిగి బోరునీటిలోకి వచ్చి కుళాయికి తెల్లగార కడుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటి కాఠిన్యం 200 వరకు ఆమోదయోగ్యం. వేరే నీరు దొరకనపుడు 600 వరకు అనుమతి. 400, 500 ఉన్న బోరుకు స్నానాల గదులకూ గీజరుకూ సాఫ్ట్‌నర్ పెట్టుకోవచ్చు. ఫ్లోరైడు ఉన్న చోట తాగునీటికి వేరే ఏర్పాటు చేసుకొన్న తరువాతే దాని మాట. బోరులో ఇనుము ఉంటే దానిని ముందుగా వడకట్టించాలి. లేకపోతే పూసలు తుప్పుపట్టి త్వరలోనే పనికిరాకుండా పోతాయి.